కొల్హాపూర్ నాటకశాల: నిన్నటి వైభవం, నేటి పునర్నిర్మాణం

2024 ఆగస్టు 8వ తేదీ రాత్రి కొల్హాపూర్ నగరంలోని సంగీతసూర్య కేశవరావ్ భోసలే నాట్యగృహం అగ్నికి ఆహుతి అయింది. పైకప్పు కూలిపోయింది. రంగస్థలం, తెరలు, ప్రేక్షకుల ఆసనాలు కాలి బూడిద అయ్యాయి. రాతిగోడలు మాత్రం మసిబారి నిలిచి ఉన్నాయి. అదృష్టవశాత్తు ప్రాణనష్టం జరగలేదు. ఏ మహాగాయకుని పేరు ఆ భవనం ధరించినదో ఆయన జయంతి మరునాడే. జయంతినాడు కళాకారులు, ప్రేక్షకులు కాలిన భవనం ముందు చేరి కన్నీరు పెట్టుకున్నారు. నాటకం చూసేవారు తగ్గిపోయారని దేశమంతటా వాపోతున్న ఈ కాలంలో, ఒక నాటకశాల కాలిపోతే ఒక ఊరు ఊరంతా దుఃఖించడం గమనింపదగిన విషయం. ఆ దుఃఖం వెనుక నూరేళ్ళకు పైబడిన చరిత్ర ఉన్నది.

తెలుగు నాటకానికి మరాఠీ ఋణం

ఈ చరిత్ర మరాఠీవారికి మాత్రమే సంబంధించినది కాదు. ఆధునిక తెలుగు నాటకం ఆవిర్భావంలో మరాఠీ నాటకానికి పాలున్నది. కొల్హాపూర్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలోని సాంగ్లీలో, అక్కడి సంస్థానాధీశుని ప్రోత్సాహంతో, విష్ణుదాస్ భావే 1843 నవంబరు 5న ‘సీతాస్వయంవర్’ నాటకాన్ని ప్రదర్శించాడు. ఆ రోజునే నేటికీ మరాఠీ రంగభూమి దినంగా జరుపుకొంటున్నారు. తరువాతి దశాబ్దాలలో నాటక సమాజాలు అనేకం ఏర్పడి ఊరూరా తిరిగాయి. అప్పటికి బొంబాయి రాజధానిలో భాగమైన ధార్వాడ నుండి బయలుదేరిన ఒక సమాజం తెలుగుదేశానికి వచ్చి, గోదావరీ తీరాన రాజమహేంద్రవరంలో కూడా నాటకాలాడింది.

ఆ సమాజంవారు వెళ్ళిపోయిన తరువాత వారు వేసిన పాకలు అక్కడే మిగిలాయి. ఆ పాకలలోనే 1880లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థులచేత తెలుగు నాటకాలాడించారు. తెలుగునాట ఆధునిక నాటక ప్రదర్శన ఒక ఉపాధ్యాయుని చేతిమీదుగా, బడి పిల్లలతో, ఇతరులు విడిచిపోయిన పందిరి కింద మొదలైనదన్నమాట. 1885లో కడప జిల్లాలోని సురభి గ్రామంలో ‘కీచకవధ’ ఆడి వనారస గోవిందరావుగారు స్థాపించిన సురభి సమాజానిదీ ఇటువంటి కథయే. ఆ కుటుంబాల పూర్వులు మహారాష్ట్రం నుండి దక్షిణానికి వచ్చిన తోలుబొమ్మలాటవారు. మరాఠీ నేలనుండి వచ్చినవారు తెలుగు నాటకాన్ని తరతరాలుగా కాపాడితే, తెలుగు నేలనుండి వచ్చినవారు మరాఠీ ఊళ్ళలో మగ్గాలు నడిపారు, బడులు పెట్టుకున్నారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడాలు తెలిసినవారికి కొల్హాపూర్ నాటకశాల పరాయి కట్టడం అనిపించదు.

ఛత్రపతి శాహూ మహారాజు కట్టడం

కొల్హాపూర్ సంస్థానాన్ని 1894 నుండి 1922 వరకు పాలించిన రాజర్షి శాహూ ఛత్రపతి సాంఘిక సంస్కర్తగా దేశప్రసిద్ధుడు. వెనుకబడిన వర్గాలకు సంస్థానోద్యోగాలలో 50 శాతం స్థానాలు ప్రత్యేకించి 1902లోనే ఉత్తరువు జారీచేశాడు. ప్రాథమిక విద్యను ఉచితం, నిర్బంధం చేశాడు. వివిధ కులాల విద్యార్థులకు వసతిగృహాలు కట్టించాడు. ఆ 1902వ సంవత్సరంలోనే ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేక సందర్భంగా ఆయన యూరపుఖండం వెళ్ళాడు. రోము నగరంలోని ప్రాచీన క్రీడారంగం ఆయనను ఆకర్షించింది. తిరిగివచ్చిన తరువాత ఖాస్‌బాగ్‌లో, చుట్టూ కూర్చున్న ప్రతి ప్రేక్షకునికి మల్లయోధులు కనపడే విధంగా, విశాలమైన కుస్తీ మైదానం కట్టించాడు. దానికి ఆనుకొనియే 1913లో ఒక నాటకశాలకు పని ప్రారంభించి 1915లో పూర్తి చేయించాడు. దానికి ప్యాలెస్ థియేటర్ అని పేరు.

పేరులో రాజప్రాసాదం ఉన్నా ఆ నాటకశాల రాజప్రాసాదంలో లేదు. ఊరి నడుమ, కుస్తీ మైదానం పక్కన ఉన్నది. మల్లవిద్యను, సంగీత నాటకాన్ని ఒకే ప్రాంగణంలో ఇరుగుపొరుగుగా నిలబెట్టడంలో ఆ ప్రభువు అభిప్రాయం స్పష్టం. కుస్తీ చూడవచ్చిన రైతు, పాట వినవచ్చిన పండితుడు ఒకే దారిన నడవాలి. కళ కొద్దిమందికి చెందిన విలాసవస్తువు కాకూడదు. బడులు, వసతిగృహాలు కట్టించిన చేతులతోనే నాటకశాల కట్టించడంలో వైరుధ్యమేమీ లేదు. ఆయన దృష్టిలో అదీ ఒక విద్యాలయమే.

అది ధ్వనివర్ధకాలు లేని కాలం. నటుని కంఠం తన బలంమీదనే చివరి వరుస వరకు వెళ్ళాలి. అటువంటి నాటకశాలలలో గోడల ఎత్తు, పైకప్పు వాలు, రంగస్థలపు చెక్కల మందం, రంగానికి ప్రేక్షకులకు మధ్య దూరం అలంకారాలు కావు, వాద్యపు భాగాలు. వీణకు కుండ, దండి ఎటువంటివో గాయకునికి ఆ శాల అటువంటిది. ఈ విషయం గుర్తుంచుకుంటేనే తరువాత పునర్నిర్మాణం గురించి వచ్చే చర్చ అర్థమవుతుంది.

సంగీతసూర్యుడు

కేశవరావ్ భోసలే 1890 ఆగస్టు 9న కొల్హాపూర్‌లో జన్మించాడు. బాల్యంలోనే నాటక సమాజంలో చేరాడు. గోవింద బల్లాళ దేవల్ రచించిన ‘శారద’ నాటకంలో, వృద్ధునికి కట్టబెట్టబోయిన బాలిక పాత్రను ధరించి మహారాష్ట్రమంతటా పేరు పొందాడు. 1908 జనవరి 1న హుబ్లీలో ‘లలితకలాదర్శ’ నాటక సమాజాన్ని స్థాపించాడు. అప్పటికి ఆయన వయస్సు పదునెనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఆయన గొంతు పై స్థాయిలో అలవోకగా సంచరించేది. అందువల్లనే ‘సంగీతసూర్య’ అని బిరుదు వచ్చింది.

ఆయనకు సమకాలికుడు, స్నేహపూర్వక ప్రత్యర్థి, బాలగంధర్వ బిరుదాంకితుడు నారాయణ శ్రీపాద రాజహంస. 1921 జూలై 8న బొంబాయిలో ఈ ఇద్దరూ కలిసి ఖాడిల్కర్ రచించిన ‘మానాపమాన్’ ఆడారు. కేశవరావ్ ధైర్యధరుడు, బాలగంధర్వ భామిని. వచ్చిన ధనం తిలక్ స్వరాజ్యనిధికి చేరింది. ఆ నాటకపు పాటలకు వరుసలు కట్టిన గోవిందరావ్ టెంబే కూడా కొల్హాపూర్ ప్రాంతంవాడే, హార్మోనియం వాయించడంలో దిట్ట. పద్యనాటకంలో హార్మోనియం శ్రుతికి అలవాటుపడిన తెలుగు శ్రోతకు ఆ వాతావరణం తేలికగా ఊహకందుతుంది.

ఆ ప్రదర్శన జరిగిన మూడు నెలలకే, 1921 అక్టోబరు 4న, ముప్పదియొకటవ ఏట కేశవరావ్ మరణించాడు. అయితే ఆయన సమాజం ఆయనతో పోలేదు. బాపూరావ్ పెండార్కర్, ఆయన తరువాత ఆయన కుమారుడు భాలచంద్ర పెండార్కర్ దానిని నడిపించారు. మనిషి పోయినా పాట మరొక గొంతులోకి చేరింది. నాటకం కొనసాగే పద్ధతి ఇదే.

కొల్హాపూర్ నాటకరంగం మరొక విధంగా కూడా దేశానికి ఉపకరించింది. నాటక సమాజాలకు తెరలు చిత్రించే ఆనందరావ్, బాబూరావ్ అనే చిత్రకారులు ఆ ఊరివారే. వారు చిత్రించిన అడవులు, రాజసభలు, వీధులు చూసి ప్రేక్షకులు ముగ్ధులయ్యేవారు. ఆనందరావ్ మరణానంతరం బాబూరావ్ పెయింటర్ 1917లో మహారాష్ట్ర ఫిల్మ్ కంపెనీ నెలకొల్పాడు. 1929లో అదే ఊళ్ళో ప్రభాత్ ఫిల్మ్ కంపెనీ పుట్టింది. నాటకపు తెర గీసిన కుంచెలే చలనచిత్రపు తెరను కూడా సిద్ధం చేశాయి.

కాని ఆ చలనచిత్రమే నాటకాన్ని వెనుకకు నెట్టింది. 1931లో మాటలు నేర్చిన సినిమా, ఒకటి రెండేళ్ళలోనే తెలుగులోను మరాఠీలోను పాడసాగింది. భారీ దుస్తులకు, రంగాలంకరణకు ఖర్చుపెట్టి అప్పులపాలైన సమాజాలు ఒక్కొక్కటిగా కుంగిపోయాయి. దేశంలో ఎన్నో నాటకశాలలు సినిమాహాళ్ళుగాను, గిడ్డంగులుగాను మారాయి. కొల్హాపూర్ మాత్రం తన నాటకశాలను చేజార్చుకోలేదు. 1957లో దానికి కేశవరావ్ భోసలే పేరు పెట్టారు. నగరపాలక సంస్థ అధీనంలో అది నాటకాలకు, సంగీత సభలకు, పాఠశాలల వేడుకలకు నెలవై కొనసాగింది. అగ్నిప్రమాదం జరిగేనాటికి అది పాత వస్తువు కాదు, వాడుకలో ఉన్న ఇల్లు.

పునరుద్ధరణ అంటే ఏమిటి?

ప్రమాదం జరిగిన వెంటనే రాష్ట్రప్రభుత్వం పునర్నిర్మాణానికి నిధులు ప్రకటించింది. అదే స్థలంలో, పూర్వపు రూపంలోనే కట్టాలని కళాకారులు కోరారు. వినడానికి ఇది సులభమైన కోరిక. ఆచరణలో ఇందులో మూడు చిక్కులున్నాయి. పూర్వపు రూపం అంటే ఏ సంవత్సరపు రూపం? దానికి ఆధారాలు ఎక్కడ? ఆ రూపాన్ని నిప్పునుండి కాపాడడం ఎట్లా? ఈ ప్రశ్నలు ఎదురైన మరి మూడు ఊళ్ళ అనుభవం ఇక్కడ పనికివస్తుంది.

ఇటలీదేశంలోని వెనిస్ నగరంలో 1792లో నెలకొన్న లా ఫెనీచే సంగీతనాటకశాల 1836లో ఒకసారి కాలి, ఏడాదిలోనే లేచింది. ఫెనీచే అంటే చితినుండి తిరిగి లేచే కల్పితపక్షి. 1996 జనవరి 29న మళ్ళీ కాలింది. మరమ్మతు పనికి వచ్చిన విద్యుత్ పనివారే నిప్పు పెట్టినట్లు న్యాయస్థానంలో రుజువైంది. పక్కనున్న కాలువలలో నీరు తోడివేసి ఉండడంవల్ల అగ్నిమాపక దళానికి సకాలంలో నీరు అందలేదు. ఉన్నచోటనే, ఉన్నట్లుగానే కట్టాలని నగరం నిశ్చయించుకున్నది. 19వ శతాబ్దపు పటాలు, పాత ఛాయాచిత్రాలు తోడ్పడ్డాయి. అవి చాలనిచోట, 1954లో విస్కోంతి ఆ శాలలోనే చిత్రీకరించిన ‘సెన్సో’ అనే చలనచిత్రంలోని దృశ్యాలను చూసి అలంకరణలను నిర్ణయించారు. 2003 డిసెంబరులో శాల తిరిగి తెరుచుకున్నది. కాగితంమీద, చిత్రంమీద మిగిలిన రూపాన్నే మళ్ళీ రాతిలో, కొయ్యలో చూడగలిగారు. ఎవరూ నమోదు చేయని రూపానికి ఆ భాగ్యం లేదు.

ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో రిచ్‌మండ్ అనే చిన్న పట్టణం ఉన్నది. అక్కడ 1788లో శామ్యూల్ బట్లర్ అనే నటుడు, సమాజ నిర్వాహకుడు ఒక నాటకశాల కట్టాడు. అది 1848లో మూతపడింది. ఆ తరువాత నూరేళ్ళకు పైగా ద్రాక్షసారాయి కొట్టుగా, వేలంపాటల గదిగా, గిడ్డంగిగా వాడుకున్నారు. విచిత్రమేమంటే, ఎవరూ పట్టించుకోకపోవడం వల్లనే దాని లోపలి రూపం చాలవరకు చెక్కుచెదరలేదు. ఆ పట్టణవాసులు పూనుకొని దానిని బాగుచేసి 1963లో తిరిగి నాటకాలకు తెరిచారు. భవనం నిద్రించినా బ్రతికే ఉండవచ్చు, కాని దానిని నిద్రలేపవలసినది ఆ ఊరివారే అని రిచ్‌మండ్ చెబుతున్నది.

మనదేశంలోనే సిమ్లా కొండపట్టణంలో హెన్రీ ఇర్విన్ అనే వాస్తుశిల్పి రూపొందించిన గేయిటీ నాటకశాల 1887లో ప్రారంభమైంది. మైసూరు రాజప్రాసాదం 1897లో కాలిపోయిన తరువాత నేటి ప్రాసాదానికి రూపకల్పన చేసినవాడు కూడా ఈ ఇర్విన్ కావడం విశేషం. సిమ్లా భవనం తన బరువును తానే మోయలేకపోయింది. 1911లో పై అంతస్తులను తొలగించవలసివచ్చింది. అయినా నాటకశాల భాగాన్ని నిలుపుకొన్నారు. 21వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో కొన్నేళ్ళపాటు శ్రమించి దానిని పునరుద్ధరించారు. అన్నిటినీ కాపాడలేనప్పుడు దేనిని కాపాడాలో తెలుసుకోవడం కూడా పునరుద్ధరణలో భాగమే.

కొల్హాపూర్ ముందున్న పని

పై అనుభవాల వెలుగులో చూస్తే కొల్హాపూర్ కర్తవ్యం స్పష్టమవుతుంది. మొదటిది గోడల పరీక్ష. తీవ్రమైన వేడికి రాయి లోలోపల పగులుతుంది, సున్నం పట్టు విడుస్తుంది. పైకి గట్టిగా కనిపించే గోడ కొత్త పైకప్పు బరువు మోయగలదో లేదో పరీక్షించకుండా నమ్మరాదు. బలహీనమైనచోట రాళ్ళకు సంఖ్యలు వేసి విప్పి, తిరిగి అదే వరుసలో పేర్చడం నిపుణులు అనుసరించే పద్ధతి. దీనికి ఓర్పు కావాలి. గోడ మొత్తం పడగొట్టి సిమెంటుతో కట్టి, పైన రాతిపలకలు అంటించడం త్వరగా ముగుస్తుంది. కాని అది పునరుద్ధరణ కాదు, వేషం.

రెండవది కొలతల సేకరణ. భవనానికి సంబంధించిన పటాలు, మునుపటి మరమ్మతుల దస్త్రాలు, నాటక సమాజాలవారి ఛాయాచిత్రాలు, పాఠశాలలవారు వార్షికోత్సవాలలో తీయించుకున్న ఫొటోలు, అన్నీ ఆధారాలే. ఒక పిల్లవాడు కృష్ణవేషంలో నిలబడిన ఫొటోలో అతని వెనుకనున్న స్తంభం, మెట్టు, తెర అంచు కూడా పడతాయి. ఇంట్లో పెట్టెలో ఉన్నంతకాలం అది ఆ కుటుంబపు జ్ఞాపకం. శాల కాలిపోయిననాడు అది ఊరికి సాక్ష్యం.

మూడవది భద్రత. కొయ్య, గుడ్డ, రంగు, దీపాలు ఒకచోట చేరిన నాటకశాలకు నిప్పు పుట్టుకతోనే శత్రువు. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమాహాలులో 59 మంది పొగలో చిక్కి మరణించారు. బయటకు పోవలసిన దారులు మూసుకొనిపోవడం ఆ ఘోరానికి ముఖ్యకారణాలలో ఒకటి. కొల్హాపూర్ ప్రమాదం ప్రదర్శన జరిగే వేళ సంభవించి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికే భయమవుతుంది. కనుక కొత్త శాలకు పాత కొలతలు ఉండవచ్చును కాని పాత విద్యుత్ తీగలు ఉండరాదు. తలుపులు బయటికి తెరుచుకోవాలి. రంగస్థలానికి, ప్రేక్షకులకు మధ్య నిప్పును ఆపే తెర ఉండాలి. ఈ మార్పులు చరిత్రకు ద్రోహం కావు. శాహూ మహారాజు తన కాలపు ఉత్తమ పరిజ్ఞానంతోనే కట్టించాడు. మనం మన కాలపు పరిజ్ఞానంతో కడితేనే ఆయన మార్గంలో నడిచినట్లు.

నాలుగవది అన్నిటికంటె కష్టమైనది, ధనంతో కొనలేనిది. అది వాడుక. ప్రారంభోత్సవం నాడు దీపాలు వెలిగించి, మరుసటి నెలనుండి తాళం వేసే నాటకశాలలు మనదేశంలో తక్కువేమీ కాదు. అద్దె పెరిగి చిన్న సమాజాలు దూరమైనా, పాఠశాలలకు ప్రవేశం లేకపోయినా, ఊరివారు రావడం మానుకున్నా, ఎంత అందంగా కట్టిన శాల అయినా రెండవసారి కాలిపోయినట్లే. ఈసారి నిప్పు కనిపించదు, కన్నీరు పెట్టుకొనేవారూ ఉండరు.

మనకు పాఠం

సురభివారికి శాశ్వతమైన నాటకశాల లేదు. విప్పి బండ్లమీద వేసుకొనిపోయే రంగస్థలమే వారి ఆస్తి. అయినా ఆ నాటకం బ్రతికింది, తాత పాత్రను మనుమడు నేర్చుకున్నాడు గనుక. భవనం లేని నాటకం కుటుంబాన్ని ఆశ్రయించి నిలిచింది. భవనం ఉన్న నాటకం ఊరిని ఆశ్రయించి నిలవాలి. మరొక రాష్ట్రంలో తరాల తరబడి ఉంటూ తెలుగు బడిని నిలుపుకొన్నవారికి ఈ సంగతి వేరొకరు చెప్పవలసిన పనిలేదు. గోడలు, బల్లలు, నల్లబల్లలు ఉన్నంతమాత్రాన తెలుగు బడి నడవదు. ఇంట్లో తల్లి తెలుగు మాటాడాలి, తండ్రి పిల్లవానిని ఆ బడికే పంపాలి, చదువుకొని వెళ్ళినవారు దానిని మరువకూడదు.

డెబ్బదియైదేళ్ళు నిండిన ఏ విద్యాలయానికైనా ఒక రంగస్థలం ఉండే ఉంటుంది. సిమెంటు అరుగు కావచ్చు, చింతచెట్టు కింది మట్టిదిబ్బ కావచ్చు. దానిమీద మొదటిసారి పద్యం పాడినవారు, మాట మరచి తడబడినవారు, తెర వెనుకనుండి మాట అందించినవారు ఇప్పటికీ మనమధ్య ఉన్నారు. వారి ఫొటోలు, కార్యక్రమ పత్రాలు, జ్ఞాపకాలు సేకరించి భద్రపరచడానికి నిప్పు పడేదాకా ఆగనక్కరలేదు. కొల్హాపూర్‌లో రాతిగోడలు మిగిలాయి, వాటి మధ్య మళ్ళీ పాట వినాలనుకొనే జనమూ మిగిలారు. పునర్నిర్మాణానికి పునాది ఆ రెండవదే. 1880లో వీరేశలింగం పంతులుగారికి దొరికినది ఇతరులు విడిచిపోయిన పాక మాత్రమే. ఆడడానికి పిల్లలు, చూడడానికి ఊరు ఉండడంవల్ల ఆ పాకే ఆనాడు తెలుగువారి నాటకశాల అయింది.